ఆన్‌బోర్డ్ కెమెరా కొంటున్నారా? బడ్జెట్ మొత్తం కెమెరాకే పెట్టొద్దు.. ట్రాక్ మీద ముందుగా ఫెయిలయ్యేది అది కాదు!

సైనిక్‌పురి, సికింద్రాబాద్: సైనిక్‌పురి నుంచి చెన్నై రేస్ ట్రాక్‌కి 600 కిలోమీటర్ల పైమాటే. లీవ్ పెట్టి, పెట్రోల్ కొట్టించి, ట్రాక్ డే ఫీజు కట్టి అక్కడిదాకా వెళ్తే.. ఒక్కో సెషన్‌లో దొరికేది 15 నుంచి 20 నిమిషాలు. ఇంటికొచ్చి మెమరీ కార్డు ల్యాప్‌టాప్‌లో పెడితే కనిపించేది ఏంటి? సగం ఆకాశం, సగం పెట్రోల్ ట్యాంక్, జెల్లీలా వణికే రోడ్డు. లేదంటే మూడో ల్యాప్ దగ్గరే ఆగిపోయిన ఫైల్. మొదటిసారి ట్రాక్‌కి వెళ్లిన చాలామందికి ఎదురయ్యే అనుభవమే ఇది.

తప్పు కెమెరాదే అనుకుంటారు. ఇంకో పదివేలు పెట్టి పెద్ద మోడల్ కొంటారు. మళ్లీ అదే సీన్. అసలు విషయం ఏంటంటే.. రేసింగ్ వీడియో పాడయ్యేది ఎక్కువగా మౌంట్ వల్ల, వైబ్రేషన్ వల్ల, వేడి వల్ల, కార్డు వల్ల. వీటిని సరిచేసుకుంటే మామూలు కెమెరాతో కూడా మంచి వీడియో వస్తుంది. ఇంతకీ తక్కువ ఖర్చులో సెటప్ ఎలా చేసుకోవాలి? ఎక్కడ డబ్బు పెట్టాలి? ఎక్కడ ఆపాలి? ఇప్పుడు తెలుసుకుందాం.

హైదరాబాద్‌లో ట్రాక్ ఏది?

2023 ఫిబ్రవరి 11. హుస్సేన్ సాగర్ పక్కన 2.8 కిలోమీటర్ల స్ట్రీట్ సర్క్యూట్‌పై ఫార్ములా ఈ కార్లు పరుగులు తీశాయి. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. సచివాలయం, ఎన్టీఆర్ మార్గ్, నెక్లెస్ రోడ్.. మనం రోజూ తిరిగే చోట్లనే కారు లోపలి నుంచి టీవీలో చూశాం. ఆ ఆన్‌బోర్డ్ షాట్లు చూశాకే చాలామంది కుర్రాళ్లకు 'మనమూ ఇలా తీయాలి' అనిపించింది. 2024 ఫిబ్రవరిలో జరగాల్సిన రెండో రేసు మాత్రం రద్దయింది. ఆ ట్రాక్ ఇప్పుడు మళ్లీ మామూలు రోడ్డే.

అందుకే ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. రేసు జరిగిన రోడ్డు అయినా సరే, అక్కడ రేసింగ్ చేస్తూ వీడియో తీస్తే అది నేరం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 కింద, పబ్లిక్ రోడ్డుపై రేసింగ్ చేస్తే తొలిసారి 3 నెలల వరకు జైలు లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. రెండోసారి దొరికితే ఏడాది వరకు జైలు, రూ.10,000 వరకు జరిమానా. ఇక ఔటర్ రింగ్ రోడ్డు మీదకు టూ వీలర్లకు అసలు ఎంట్రీనే లేదు. పైగా స్పీడోమీటర్‌తో సహా తీసిన వీడియో అంటే.. మన మీద మనమే సాక్ష్యం రాసిచ్చినట్టు.

కాబట్టి ఈ సెటప్ అంతా ట్రాక్ కోసమే. దక్షిణాదిలో ఉన్న ట్రాక్‌లలో రెండింటి గురించి చెప్పుకుందాం. ఒకటి చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. పొడవు 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. రెండోది కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే. ఇది సుమారు 2.1 కిలోమీటర్లు. అంత దూరం వెళ్లలేని వాళ్లకు నగరం చుట్టుపక్కల గో కార్టింగ్ ట్రాక్‌లు ఉన్నాయి. సెటప్‌ను టెస్ట్ చేసుకోవడానికి అవే బెస్ట్. అయితే అద్దె కార్ట్‌కి కెమెరా బిగించే ముందు ట్రాక్ వాళ్లను తప్పకుండా అడగాలి.

ఒకప్పుడు టీవీ సంస్థల పని.. ఇప్పుడు జేబులో

ఆన్‌బోర్డ్ షాట్ కొత్తదేం కాదు. 1979లో ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్ రేసులో పీటర్ విలియమ్సన్ నడిపిన టయోటా కారులో ఛానల్ సెవెన్ వాళ్లు కెమెరా పెట్టి లైవ్ ఇచ్చారు. ఫార్ములా వన్‌లో చూస్తే.. 1985 జర్మన్ గ్రాండ్ ప్రీలో ఫ్రాన్స్వా హెనో నడిపిన రెనో కారు నుంచి రేసు మధ్యలో లైవ్ బొమ్మలు వచ్చాయి. అప్పట్లో అది పెద్ద టీవీ సంస్థలకే సాధ్యమయ్యే పని. 2004లో గోప్రో మొదటి కెమెరా వచ్చినప్పుడు అందులో ఉన్నది 35 ఎంఎం ఫిల్మ్ రోల్. వీడియో కూడా కాదు! ఇప్పుడు గోప్రో, డీజేఐ ఓస్మో యాక్షన్, ఇన్‌స్టా360, ఎస్‌జేక్యామ్.. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద సైజులో బోలెడు ఆప్షన్లు.

ఫోన్ పెడితే సరిపోదా?

అందరికీ వచ్చే మొదటి ఆలోచన ఇదే. చేతిలో మంచి ఫోన్ ఉంది కదా, హోల్డర్‌లో పెట్టేస్తే పోలా? పోదు. 2021లో ఆపిల్ సంస్థే ఒక హెచ్చరిక ఇచ్చింది. పవర్‌ఫుల్ మోటార్‌సైకిల్ ఇంజిన్ల వైబ్రేషన్‌కి ఎక్కువసేపు గురైతే ఐఫోన్ కెమెరా పనితీరు తగ్గొచ్చని చెప్పింది. కారణం సింపుల్. ఫోటో షేక్ కాకుండా చూసే ఆప్టికల్ స్టెబిలైజేషన్ కోసం ఫోన్ లోపల లెన్స్ లేదా సెన్సార్ కదిలేలా ఉంటుంది. హ్యాండిల్ నుంచి వచ్చే వైబ్రేషన్ దానిపై పడుతుంది. యాక్షన్ కెమెరాల్లో ఎక్కువ భాగం ఇలా కదిలే భాగాల మీద కాకుండా, సాఫ్ట్‌వేర్‌తో స్టెబిలైజ్ చేస్తాయి. అందుకే తట్టుకుంటాయి. ఫోన్‌ని జీపీఎస్ కోసం జేబులో ఉంచుకోండి. కెమెరా పని కెమెరాకే ఇవ్వండి.

బడ్జెట్ ఇలా పంచుకోండి

ఉదాహరణకు మీ దగ్గర రూ.25,000 ఉన్నాయనుకుందాం. మొత్తం పెట్టి కెమెరా కొనేస్తే డబ్బాలో వచ్చిన స్టిక్కర్ మౌంటే గతి. దానికి బదులు ఇలా చూడండి.

కెమెరా: రూ.15,000. ఒకటి రెండు తరాల పాత మోడల్ లేదా మంచి కండిషన్‌లో ఉన్న సెకండ్ హ్యాండ్.
మౌంట్లు, క్లాంపులు, సేఫ్టీ తాడు: రూ.3,500.
మెమరీ కార్డులు రెండు: రూ.2,000.
అదనపు బ్యాటరీ లేదా పవర్ బ్యాంక్: రూ.2,000.
మైక్, గాలి శబ్దం తగ్గించే ఫోమ్: రూ.1,500.
చేతిలో ఉంచుకునేది: రూ.1,000. ట్రాక్ దగ్గర ఏదో ఒకటి విరుగుతుంది, ఖాయం.

ధరలు సేల్‌ను బట్టి మారుతుంటాయి కాబట్టి అంకెలు అటూ ఇటూ అవ్వొచ్చు. కానీ లెక్క మాత్రం ఇదే. వందలో 60 రూపాయలు కెమెరాకి, 40 రూపాయలు మిగతా వాటికి.

4కే అవసరమా? 60 ఎఫ్‌పీఎస్ అవసరమా?

బండి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తోందంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు కదులుతున్నట్టు. 30 ఎఫ్‌పీఎస్‌లో తీస్తే ఒక ఫ్రేమ్‌కి, తర్వాతి ఫ్రేమ్‌కి మధ్య బండి 93 సెంటీమీటర్లు ముందుకెళ్లిపోతుంది. 60 ఎఫ్‌పీఎస్‌లో అది 46 సెంటీమీటర్లే. బ్రేక్ ఎక్కడ పట్టారు, మలుపులో లోపలి అంచుని ఎక్కడ తాకారు అని ఆపి ఆపి చూసుకోవాలంటే 60 ఎఫ్‌పీఎస్ కావాలి.

మరి 4కే ఎందుకు? రీల్స్, షార్ట్స్ కోసం. అడ్డంగా తీసిన 4కే వీడియో నుంచి నిలువు ముక్క కోస్తే 1215 పిక్సెల్స్ వెడల్పు, 2160 ఎత్తు వస్తుంది. ఫోన్‌లో ఫుల్ స్క్రీన్‌కి అది సరిపోతుంది. అదే 1080పీ వీడియోని కోస్తే వెడల్పు 607 పిక్సెల్సే మిగులుతుంది. బొమ్మ మసకబారుతుంది. సో.. డ్రైవింగ్ మెరుగుపరుచుకోవడానికి అయితే 1080పీ 60 ఎఫ్‌పీఎస్ చాలు. రీల్స్ కూడా కావాలంటే 4కే 60 ఉన్న కెమెరా చూసుకోండి.

ఇక్కడొక జాగ్రత్త. బాగా చవక కెమెరాల డబ్బాపై '4కే' అని పెద్దగా ఉంటుంది. కొన్నింటిలో అది నిజమైన 4కే కాదు, చిన్న సైజు బొమ్మని సాఫ్ట్‌వేర్‌తో సాగదీసిందే. కొన్నింటిలో 4కే పెడితే స్టెబిలైజేషన్ ఆఫ్ అయిపోతుంది. కొనే ముందు ఆ మోడల్‌తో బైక్ మీదో, కారులోనో తీసిన శాంపిల్ వీడియో చూడండి. పార్కులో నడుస్తూ తీసినవి చూసి మోసపోవద్దు.

స్టెబిలైజేషన్.. ఆన్ చేస్తేనే పాడవుతుందా?

అవును, కొన్నిసార్లు. ఇది చాలామందికి తెలియని పాయింట్. కెమెరాలోని జైరో సెన్సార్ బండి ఎటు ఊగుతోందో గమనించి, బొమ్మని దానికి వ్యతిరేకంగా జరుపుతుంది. దాంతో రోడ్డు స్థిరంగా కనిపిస్తుంది. కానీ అదే ఫ్రేమ్‌లో స్టీరింగ్, డ్యాష్‌బోర్డ్, మీ చేతులు ఉంటే? అవి నిజానికి కెమెరాతో పాటే కదులుతున్నాయి. రోడ్డుని నిలబెట్టే ప్రయత్నంలో ఇవి అటూ ఇటూ డాన్స్ చేస్తాయి. చూసేవాళ్లకి తల తిరుగుతుంది.

సింపుల్ రూల్ ఇదీ. ఫ్రేమ్‌లో బండి భాగం ఎక్కువగా ఉంటే స్టెబిలైజేషన్ ఆఫ్ లేదా బాగా తక్కువ. రోడ్డే ఎక్కువగా ఉంటే ఆన్. రెండూ ఒక్కో ల్యాప్ తీసి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

జెల్లీ వీడియోకి మందు మౌంటే

కెమెరా సెన్సార్ బొమ్మని ఒక్కసారిగా కాకుండా పైనుంచి కిందికి వరస వరసగా చదువుతుంది. ఆ కొద్ది టైమ్‌లోనే ఇంజిన్ వైబ్రేషన్‌కి కెమెరా వణికితే పై వరస ఒకచోట, కింది వరస ఇంకోచోట పడుతుంది. అదే జెల్లీ ఎఫెక్ట్. ఎడిటింగ్‌లో దీన్ని పూర్తిగా తీసేయడం దాదాపు కుదరదు. తీసేటప్పుడే ఆపాలి.

మౌంట్ ఎంత పొట్టిగా, లావుగా ఉంటే అంత మంచిది. మూడు నాలుగు కీళ్లున్న పొడవాటి ఆర్మ్ ఊగుతూనే ఉంటుంది. ప్లాస్టిక్ క్లాంప్ కన్నా అల్యూమినియం క్లాంప్ నయం. కారులో అయితే ముందు సీట్ల మధ్యలో, రోల్ కేజ్ పైపుకి లేదా హెడ్‌రెస్ట్ రాడ్లకి బిగించే మౌంట్ బెస్ట్ యాంగిల్ ఇస్తుంది. చేతులు, స్టీరింగ్, ముందు రోడ్డు.. మూడూ కనిపిస్తాయి. అద్దంపై డ్యాష్‌బోర్డ్ నీడ పడుతుంటే డ్యాష్‌బోర్డ్‌పై నల్లటి మ్యాట్ గుడ్డ పరచండి. ఖర్చు దాదాపు సున్నా. కానీ అది జారి పెడల్స్ మీద పడకుండా అంచులు టేప్‌తో గట్టిగా అంటించాలి.

బైక్‌కి అయితే ట్యాంక్ లేదా వెనక టెయిల్ భాగం. సక్షన్ కప్పు పెడితే ముందు ఆ చోటు శుభ్రంగా తుడవాలి. దుమ్మున్నా, వంపు ఎక్కువున్నా పట్టు నిలవదు. జిగురు మౌంట్ అయితే ట్రాక్‌కి వెళ్లే రోజు పొద్దున అంటించడం పెద్ద పొరపాటు. జిగురు పూర్తిగా పట్టడానికి 24 గంటలు ఇవ్వాలి. అంటే ముందు రోజే అంటించాలి.

ఏ మౌంట్ అయినా దానికి రెండో ఆధారం తప్పనిసరి. కెమెరా నుంచి ఫ్రేమ్‌కి లేదా రోల్ కేజ్‌కి ఒక సేఫ్టీ తాడు కట్టాలి. ఇది కెమెరాను కాపాడుకోవడానికి మాత్రమే కాదు. 100 కిలోమీటర్ల వేగంలో ఊడిన కెమెరా వెనక వచ్చే రైడర్‌కి రాయి లాంటిది. తాడు కూడా పొట్టిగా ఉండాలి. చక్రాల్లోకి, చైన్‌లోకి, స్టీరింగ్‌లోకి చేరేంత పొడవు ఉండకూడదు.

హెల్మెట్ మీద పెట్టొచ్చా?

వీడియోలు చూస్తే అందరూ హెల్మెట్ మీదే పెడుతున్నట్టు అనిపిస్తుంది. కానీ హెల్మెట్ నున్నగా, గుండ్రంగా ఉండటానికి ఒక కారణం ఉంది. కిందపడితే రోడ్డు మీద జారిపోవాలి. దానిపై పొడుచుకొచ్చే వస్తువు ఉంటే అది పట్టేసి మెడ మెలితిప్పే ప్రమాదం ఉంది. 2022లో కేరళ మోటారు వాహనాల శాఖ హెల్మెట్ కెమెరాలపై జరిమానా, లైసెన్స్ సస్పెన్షన్ లాంటి చర్యలు ప్రకటించింది కూడా. రేసు పోటీల్లో అయితే బండితో పాటు హెల్మెట్‌నీ టెక్నికల్ చెకింగ్‌లో చూస్తారు. కెమెరా ఎక్కడ పెట్టారో ముందే చూపించి అనుమతి తీసుకోవాలి. లేకపోతే గ్రిడ్ దగ్గర పీకేయమంటారు.

ఇంకో మాట. మౌంట్ కోసం హెల్మెట్‌కి రంధ్రం పెట్టడం, స్క్రూ కొట్టడం అస్సలు వద్దు. ఐఎస్ఐ మార్క్ వచ్చింది ఆ హెల్మెట్ ఉన్నదున్నట్టుగా ఉన్నప్పుడే.

ఎండాకాలం.. కెమెరాకీ వడదెబ్బ

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పిట్‌లో ఆపి ఉన్న కారు లోపల ఇంకా ఎక్కువ. 4కే 60లో రికార్డింగ్ పెడితే కెమెరా దానంతట అదే వేడెక్కుతుంది. రెండూ కలిస్తే ఆగిపోతుంది. బండి కదులుతుంటే గాలికి చల్లబడుతుంది. అసలు సమస్య లైన్‌లో నిలబడి ఉన్నప్పుడే.

అందుకే ట్రాక్‌లోకి వెళ్లేందుకు సిగ్నల్ ఇచ్చే ముందు మాత్రమే రికార్డింగ్ ఆన్ చేయండి. వైఫై, స్క్రీన్ ఆఫ్ చేయండి. నీడలో ఉంచండి. అవసరం లేకపోతే 1080పీకి దిగండి. స్పేర్ బ్యాటరీలను డ్యాష్‌బోర్డ్ మీద ఎండలో వదిలేయొద్దు. 20 నిమిషాల సెషన్లకు రెండు బ్యాటరీలు మార్చుకుంటూ వాడితే చాలు. కారులో అయితే పవర్ బ్యాంక్ ఓకే. బైక్‌పై వైరు కోసం కెమెరా తలుపు తెరిచి ఉంచితే దుమ్ము, నీళ్లు లోపలికి వెళ్తాయి.

మెమరీ కార్డు.. ఇక్కడ కక్కుర్తి పడొద్దు

100 ఎంబీపీఎస్ బిట్‌రేట్‌తో తీస్తే సెకనుకు 12.5 ఎంబీ. 20 నిమిషాల సెషన్‌కి 15 జీబీ. అంటే 64 జీబీ కార్డులో నాలుగు సెషన్లు పడతాయి. ఒకే పెద్ద కార్డు కన్నా రెండు 64 జీబీ కార్డులు మేలు. ఒకటి పోయినా సగం రోజు మిగులుతుంది.

కార్డుపై 'యూ3' లేదా 'వీ30' గుర్తు ఉండాలి. సెకనుకు కనీసం 30 ఎంబీ ఆగకుండా రాయగలదని దాని అర్థం. ఈ గుర్తు లేని కార్డుల వల్లే రికార్డింగ్ మధ్యలో ఆగుతుంటుంది. సైనిక్‌పురి, ఏఎస్ రావు నగర్ వైపు ఉండేవాళ్లు యాక్సెసరీల కోసం ఎక్కువగా వెళ్లేది సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీకి. ఎక్కడ కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా బిల్లు తీసుకోండి. ఇంటికెళ్లాక కార్డు మొత్తం ఒకసారి నింపి, ఫైళ్లు సరిగ్గా ఓపెన్ అవుతున్నాయో లేదో చూడండి. నకిలీ కార్డు బయటపడేది అక్కడే. ఒక సెషన్ వీడియో మూడు నాలుగు ముక్కలుగా వస్తే కంగారు పడొద్దు. చాలా కెమెరాలు పెద్ద ఫైల్‌ని అలా భాగాలుగానే సేవ్ చేస్తాయి.

సెకండ్ హ్యాండ్ కొంటే ఇవి చూడండి

లెన్స్ మీద గీతలు ఉన్నాయా? బ్యాటరీ ఉబ్బిందా? తలుపు, రబ్బరు సీల్ సరిగ్గా మూసుకుంటున్నాయా? మీ ఫోన్ యాప్‌కి కనెక్ట్ అవుతోందా? అమ్మేవాళ్ల ముందే మీరు వాడబోయే సెట్టింగ్‌లో 15 నిమిషాలు ఆపకుండా రికార్డ్ చేయండి. వేడెక్కి ఆగిపోతే అక్కడే తెలిసిపోతుంది.

వీడియోపై స్పీడ్, ల్యాప్ టైమ్ కనిపించాలంటే జీపీఎస్ ఉన్న మోడల్ చూడండి. గోప్రో హీరో 9, 10, 11 బ్లాక్‌లలో జీపీఎస్ ఉంది. హీరో 12లో తీసేశారు. హీరో 13లో మళ్లీ ఇచ్చారు. అంటే కొత్త మోడల్ కదా అని హీరో 12 కొంటే, పాత హీరో 11లో ఉన్న ఫీచర్ పోతుంది. కెమెరాలో లేకపోయినా రేస్‌క్రోనో లాంటి ఫోన్ యాప్‌తో పని నడుస్తుంది. అయితే సెకనుకు ఒక్కసారే లొకేషన్ తీసుకునే ఫోన్‌లో 100 వేగం దగ్గర 28 మీటర్లకు ఒక చుక్క పడుతుంది. సెకనుకు 10 సార్లు తీసుకునే బ్లూటూత్ జీపీఎస్ అయితే 2.8 మీటర్లకు ఒకటి. బ్రేకింగ్ పాయింట్ తేల్చాలంటే ఈ తేడా ముఖ్యం. కానీ ఇది తర్వాతి ఖర్చు. మొదట వీడియో నిలకడగా రానివ్వండి.

ట్రాక్‌కి వెళ్లే ముందు ఇంటి దగ్గరే టెస్ట్

బండిని ఇంటి ముందు స్టాండ్ వేసి కెమెరా బిగించండి. గేర్ న్యూట్రల్‌లో ఉంచి, ఇంజిన్ స్పీడ్ కొంచెం కొంచెం పెంచుతూ రెండు నిమిషాలు రికార్డ్ చేయండి. కాలనీలో పొద్దున్నే ఆరింటికి కాదు, పక్కింటి వాళ్లకు ఇబ్బంది లేని టైమ్‌లో. ఏ ఆర్పీఎం దగ్గర బొమ్మ వణుకుతోందో తెలిసిపోతుంది. మౌంట్‌ని కాస్త పక్కకు జరిపి మళ్లీ చూడండి. తర్వాత చేత్తో గట్టిగా లాగండి. కెమెరా కదిలిందంటే ట్రాక్ మీద ఊడుతుంది. మైక్‌ని గాలి తగలని చోట, సీటు కిందో జాకెట్ లోపలో పెట్టి ఫోమ్ తొడగండి. లేకపోతే ఇంజిన్ సౌండ్ బదులు 'భూ..' అనే గాలి ఒక్కటే వినిపిస్తుంది.

చివరిగా ఈ ఆరు గుర్తుంచుకోండి..

కార్డు ఖాళీ చేసి కెమెరాలోనే ఫార్మాట్ చేశారా?
రెండు బ్యాటరీలూ ఫుల్ చార్జ్ అయ్యాయా?
లెన్స్ తుడిచారా?
మౌంట్ స్క్రూ బిగించి, సేఫ్టీ తాడు కట్టారా?
నిర్వాహకులకు చూపించి అనుమతి తీసుకున్నారా?
రికార్డింగ్ లైట్ వెలుగుతోందా?

ఆరోది చూసుకున్నాక కెమెరాను మర్చిపోండి. మలుపు దగ్గర 'రికార్డ్ అవుతోందా లేదా' అని కిందికి చూసే అర సెకనులో, 100 వేగంతో వెళ్తున్న బండి 14 మీటర్లు దాటిపోతుంది. వీడియో పోతే ఇంకో సెషన్‌లో తీసుకోవచ్చు. చూపు మాత్రం ట్రాక్ మీదే ఉండాలి.